పౌడరులో దొరికిన కీబోర్డు

మందుల గిడ్డంగిలో ఆర్డర్ల బల్ల దగ్గర ఇరవై ఆరేళ్ళుగా కూర్చుంటున్న ఆవిడకు అసలు పేరొకటి ఉండే ఉంటుంది. జీతం కాగితం మీద తప్ప అది ఎక్కడా కనిపించదు. నలభై రెండు ఆసుపత్రుల మందుల కొట్లవాళ్ళూ ఆవిడను టకటకమ్మ అనే పిలుస్తారు. ఫోనులో అవతలి మనిషి "సెలైను నలభై పెట్టెలు" అంటుండగానే ఇవతల టకటకటక మోత, ఆయన మాట పూర్తయ్యేసరికి "వెళ్ళిపోయిందండీ, ఇంకేం కావాలి?" అని జవాబు. ఆయన ఊపిరి పీల్చుకునేలోగా ఆ ఆర్డరు గిడ్డంగి వెనకవైపున కాగితమై బయటికొచ్చి పడేది. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ వాళ్ళ నోట్లో పంచదార పొయ్య.

ఆవిడ ముందున్న యంత్రం సంగతి కూడా చెప్పాలి. నల్లటి తెర, దాని మీద పచ్చటి అక్షరాలు. కీబోర్డు ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి, అంత బరువు. పైన రెండు వరసల మీటలు, ఎడమవైపు మరో రెండు వరసలు అదనం. వాటి మీది అక్షరాలు ఏనాడో అరిగిపోయాయి. కొత్తవాళ్ళు ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే ఆ బోడి మీటల్ని చూసి బిక్కమొహం వేసేవాళ్ళు. టకటకమ్మకు అక్షరాలతో ఏం పని? చూపు తెర మీద, చెవి ఫోను మీద, వేళ్ళు వాటి దారిన అవి పోతుండేవి.

ఆ బల్లంటే ఆవిడకు ప్రాణం. ఉన్న మాట చెప్పాలి కదా, ఇల్లు తర్వాత ఆవిడకు అంత ఇష్టమైన చోటు లేదు. నలభై రెండు గొంతుల్లో ఏ గొంతుకు జలుబు చేసిందో, ఎవరి కూతురు పరీక్ష తప్పిందో, ఏ ఆసుపత్రిలో రాత్రి కాన్పులు ఎక్కువయ్యాయో ఆవిడకు తెలిసినట్టు వాళ్ళ ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.

ఇంతకీ ఆ వేళ్ళకు చదువు చెప్పింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ వాళ్ళ అత్తగారు. అప్పటికింకా అత్తగారు కాదు, టైపు నేర్పే టీచరమ్మ. ఒక బట్టల కొట్టు పైన రెండు గదులు, ఆ గదుల్లో నలభై టైపు మిషన్లు. అన్నీ కలిసి మోగుతుంటే పక్కన పిడుగు పడినా వినిపించేది కాదు. అందుకని టీచరమ్మ ఒక పద్ధతి పెట్టింది. పేజీ పూర్తయిన పిల్ల నోరు తెరవకూడదు. ఎడమచేతి రెండు వేళ్ళతో బల్ల మీద రెండుసార్లు తట్టాలి. నలభై మిషన్ల మోతలోనూ ఆ రెండు తట్లు ఆవిడ చెవికి ఎలా చేరేవో ఆవిడకే తెలియాలి. ఎర్ర పెన్సిలు పుచ్చుకుని వచ్చేసేది. ఎర్ర గీత పడని పేజీలు ఇచ్చిన పిల్ల ఒక్కతే కనిపించింది. "మా వాడికి చక్కదనాల చుక్క అక్కర్లేదు, తప్పుల్లేకుండా కొట్టే పిల్ల చాలు" అని ఆ పిల్లను కోడలిగా తెచ్చుకుంది.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి, ఆ గదులు మూతపడ్డాయి, నలభై మిషన్లూ తూకానికి వెళ్ళిపోయాయి. ఇప్పుడు టీచరమ్మకు డెబ్బై నాలుగు. నోరు మాత్రం అప్పటిదే. "నా విద్య తుక్కులారీ ఎక్కింది. నేనే మిగిలాను, నన్నూ ఎక్కించండి" అని వారానికోసారి అంటుంది. కోడలు నవ్వేసి ఊరుకుంటుంది గానీ, ఆ మాట అన్నప్పుడల్లా ఆవిడకు లోపల చివుక్కుమంటుంది.

ఇక అసలు కథ. ఒక మంగళవారం పొద్దున టకటకమ్మ వెళ్ళేసరికి బల్ల మీద పాత యంత్రం లేదు. దాని స్థానంలో పలచటి కంప్యూటరు, అప్పడంలాంటి కీబోర్డు. లోపలి ఆర్డర్ల లెక్కంతా పాతదే, దాన్ని చూపించే పెట్టె మాత్రం మారింది. కంప్యూటరులో ఒక ప్రోగ్రాము పాత యంత్రం వేషం కట్టుకుని కూర్చుంది. అదే నల్ల తెర, అవే పచ్చ అక్షరాలు. చూడ్డానికి ఏమీ మారలేదు. కొంప మునిగిందంతా చేతుల దగ్గరే.

పాత కీబోర్డులో కుడి చిటికెన వేలి పక్కనున్న పెద్ద మీట నొక్కితే తరవాతి ఖాళీలోకి వెళ్ళేది. ఆర్డరు పంపించే మీట కింద కుడి మూలన ఉండేది. కొత్తదానిలో ఆ పెద్ద మీటే పంపించేస్తుంది, మూలనున్నది నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. టకటకమ్మ "సెలైను" అని కొట్టి, నలభై వెయ్యడానికి తరవాతి ఖాళీలోకి వెళదామని పెద్ద మీట నొక్కింది. ఆర్డరు కాస్తా వెళ్ళిపోయింది. ఎన్ని అన్నచోట ఏమీ లేకపోతే ఆ లెక్క దాన్ని ఒకటి అనుకుంటుంది. నలభై పెట్టెలు అడిగిన ఆసుపత్రికి ఒక్కటంటే ఒక్క పెట్టె, వ్యానులో, దర్జాగా వెళ్ళింది.

"ఒక్క పెట్టె పంపారేంటి టకటకమ్మగారూ? ఏనుగు దాహానికి చూరు నీళ్ళా?" అని ఆ ఆసుపత్రి మందుల ఆయన ఫోను చేశాడు. పాపం, కోప్పడలేదు. "ఒంట్లో బాగుందా?" అని కూడా అడిగాడు. కోప్పడినా బాగుండేదని ఆవిడకు అనిపించింది.

మూడు రోజుల్లో ముప్పై ఒక్క ఆర్డర్లు సగంలో పరుగెత్తాయి. తప్పు దిద్దుదామని ఎడమచెయ్యి రద్దు మీట కోసం వెళితే అక్కడ మీటే లేదు, ఉత్త చెక్క. చూసి చూసి ఒక్కొక్క మీటా వెతుక్కుని కొడదామంటే, ఇరవై ఆరేళ్ళు చూడకుండా కొట్టిన మనిషికి చూస్తే అసలు రాదు. వ్యాన్లు వెళ్ళిన చోటికే మళ్ళీ వెళ్ళాయి. డ్రైవర్లు ఆవిడ మొహం చూసి ఏమీ అనలేక, ఆ పలచటి కీబోర్డును తిట్టిపోశారు.

గురువారం మధ్యాహ్నం మేనేజరు పిలిచాడు. చెడ్డవాడేం కాదు. అయితే పైవాళ్ళు ఆయన నెత్తిన కూర్చుని ఉన్నారు.

"కీబోర్డు బాగాలేదు అంటున్నారట. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉంటుందమ్మా వినేవాళ్ళకి" అన్నాడు. "రేపటి వరకు చూస్తాను. కుదరకపోతే సోమవారం నుంచి మీరు లేబుళ్ళ గదిలో కూర్చోండి. జీతం అదే. ఏమీ తగ్గదు."

లేబుళ్ళ గదికి కిటికీ లేదు, ఫోను లేదు. సీసాలు మాట్లాడవు. టకటకమ్మ "సరేనండీ" అని బయటికొచ్చి, చేతులు కడుక్కునే చోట కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది.

కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చినాయన ఇంకా అక్కడే ఉన్నాడు. నడుముకు స్క్రూడ్రైవర్ల సంచి కట్టుకుని తిరుగుతాడని అందరూ ఆయన్ని కంప్యూటర్ మేస్త్రి అంటున్నారు. ఆవిడ ఎర్రటి కళ్ళు చూసి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఇంతదానికి ఏడుపేంటి మేడమ్? ఏ మీట నొక్కితే ఏ పని జరగాలో ఈ ప్రోగ్రాముకి మనం చెప్పొచ్చు. ఎలా చెబితే అలా వింటుంది" అన్నాడు. తెర మీద కీబోర్డు బొమ్మ ఒకటి తెరిచి చూపించాడు. అందులో రెడీమేడుగా ఉన్న రెండు అమరికలు పెట్టి చూశాడు. ఒక్కటీ కుదరలేదు, ఆ గదిలోని ఐదు పాత యంత్రాలనూ ఎప్పుడో ఎవరో మెకానిక్కు ఇక్కడి పనికి తగ్గట్టు మార్చి పెట్టాడట. "పాతది ఒక్కటి దొరికితే చూసి రాసేసుకుందుం. తుక్కులారీ మొన్ననే వెళ్ళిపోయింది. పోనీ మీరు చెప్పండి. రద్దుకి ఏది నొక్కేవారు?"

టకటకమ్మ ఎడమచెయ్యి గాలిలోకి ఎత్తి, దించేసింది. "నాకు తెలీదండీ" అంది చివరికి.

"ఇరవై ఆరేళ్ళు నొక్కారు కదా?"

"నేను నొక్కలేదండీ, వేళ్ళు నొక్కాయి."

మేస్త్రి తల గోక్కున్నాడు. కొత్త కీబోర్డు బొమ్మ ఖాళీ గళ్ళతో ఉన్న కాగితమొకటి తీసి ఇచ్చాడు. "ఏ గడిలో ఏ పనో రాసి పొద్దున్నే తీసుకురండి. మధ్యాహ్నం వేరే గిడ్డంగికి వెళ్ళిపోవాలి నేను. ఆ తర్వాత నన్ను పట్టుకోలేరు" అన్నాడు.

సాయంత్రం ఐదున్నరకల్లా ఇంటికొచ్చి, భోజనాల బల్ల మీద ఆ కాగితం పరిచి, పెన్ను పట్టుకుని కూర్చుంది. అక్షరాల గళ్ళు అచ్చులోనే నిండి ఉన్నాయి. మిగతావి ఖాళీ. కళ్ళు మూసుకుని ఆలోచించింది, గాలిలో వేళ్ళాడించింది. ఒక్కటీ రాలేదు. అత్తగారు టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టి, కాగితం వైపు, కోడలి వైపు చూసింది.

"ఏంటే ఆ మొహం? ఎవరేమన్నారు?"

కోడలు మొత్తం చెప్పింది. ఒక్క సెలైను పెట్టె దగ్గర్నుంచి లేబుళ్ళ గది దాకా. "ఆ బల్ల లేకపోతే నేనెవర్ని అత్తయ్యా?" అని కూడా అనేసింది.

అత్తగారు జాలిపడలేదు. ఆవిడ తీరే అంత. "నోటిని అడిగితే ఏం తెలుస్తుంది? చేసిన వేళ్ళని అడగాలి గానీ" అంది. లోపలికి వెళ్ళి, కొడుకు మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, టీ గ్లాసు పక్కకు జరిపి, బల్ల మీద బొరబొరా వంచేసింది. అరచేత్తో సమంగా పరిచింది. పాత చెక్క స్కేలూ, ఎర్ర పెన్సిలూ తెచ్చుకుంది. ఆ పెన్సిలు ఇన్నేళ్ళూ ఎక్కడ దాచిందో దేవుడికెరుక!

"ముందు వేళ్ళు మధ్య వరసలో పెట్టు. మొదటిరోజు పెట్టమన్నట్టే. నొక్కు. ఆ, ఎనిమిది గుర్తులు పడ్డాయి. ఇక అన్నీ ఇక్కడి నుంచే కొలత. కళ్ళు ముయ్యి. ఫోను మోగుతోంది, ఎత్తు!"

"ఏం ఫోను అత్తయ్యా..."

"ట్రింగ్ ట్రింగ్! హలో, టకటకమ్మేనా?" అంది డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ముక్కుతో, మగగొంతు పెట్టి. "పెద్దాసుపత్రి నుంచి మాట్లాడుతున్నా. దూది వంద కట్టలు, దగ్గు మందు ముప్పై సీసాలు. ఇక్కడొక ముసలావిడ మోకాళ్ళ నొప్పులని గోల చేస్తోంది, ఆవిడకో పీపాడు తైలం!"

కోడలికి నవ్వాగలేదు. నవ్వుతూనే, కళ్ళు మూసుకునే, "పీపాలు లేవండీ, డబ్బాలే ఉన్నాయి" అంది. అంటూండగానే వేళ్ళు కదిలిపోయాయి. టపటపా పౌడరులో గుర్తులు పడ్డాయి. అత్తగారు వంగి, స్కేలుతో కొలిచి, కాగితం మీద ఎర్ర పెన్సిలుతో రాసింది. పెద్ద మీట, తరవాతి ఖాళీ. కింద కుడి మూల, పంపించు. తుడిచింది, మళ్ళీ పరిచింది, మళ్ళీ ట్రింగ్ ట్రింగ్.

"అయ్యయ్యో వద్దు వద్దు, ఆ దూది వద్దు, రద్దు చెయ్యి!" అని ఉన్నట్టుండి అరిచింది ఒకసారి. కోడలి ఎడమచెయ్యి చివాలున వెళ్ళి ఒకచోట పడింది. "దొరికింది దొంగ!" అని అత్తగారు చప్పట్లు కొడితే పౌడరంతా లేచి ఇద్దరికీ తుమ్ములు. వెనకటి ఆర్డరు ఎక్కడ? పైన రెండో వరసలో. కిందటి నెల పట్టీ? దాని పక్కన. ఇలా గంటన్నరలో పదకొండు మీటలు దొరికాయి. ఒకచోట అత్తగారు ఆగి ఆలోచించింది. పైన రెండో వరస కొత్త కీబోర్డులో లేనే లేదు. "నువ్వు ఈ వరసలో మూడే వాడుతున్నావు. కింది వరసలో ఐదు నువ్వు ముట్టుకోవడమే లేదు. ఈ మూడింటినీ అక్కడికి దింపుదాం" అంది. ఎడమవైపు రద్దు మీటను కీబోర్డు అంచుకు జరిపింది. "వేలు రెండు అంగుళాలు లోపలికి రావాలి. అది నేను నేర్పిస్తా. రోజూ అరగంట. ఎగ్గొడితే ఊరుకోను."

అప్పుడు కనిపించింది. ఎడమవైపు, మీటలన్నీ అయిపోయాక ఇంకో జానెడు దూరంలో, రెండు వేళ్ళ గుర్తులు. ఒకసారి కాదు, రెండుసార్లు పడ్డాయి.

"ఇదేంటే? ఇక్కడ ఏం మీట?"

"అక్కడ మీటలేం లేవు అత్తయ్యా. అంతదూరం కీబోర్డే లేదు."

"మరి ఎందుకు కొట్టావు?"

"నేను కొట్టలేదే!"

అత్తగారు పౌడరు తుడిచి మరో ఆర్డరు ఇచ్చింది. కళ్ళార్పకుండా చూసింది. ఆర్డరు పంపించగానే, కోడలి ఎడమచేతి రెండు వేళ్ళూ పక్కకు వెళ్ళి, చెక్క మీద రెండుసార్లు తట్టి, బుద్ధిగా వెనక్కి వచ్చాయి. పేజీ పూర్తయింది, టీచరమ్మా. ముప్పై ఏళ్ళ కిందట బట్టల కొట్టు పైగదిలో పెట్టిన పద్ధతి. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి ఆర్డరు చివరా ఆ వేళ్ళు టీచరమ్మను పిలుస్తూనే ఉన్నాయి, వేళ్ళు గల మనిషికే తెలియకుండా.

అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. కోడలికి అప్పటికి అర్థమయింది. తన వేళ్ళ వైపు తనే వింతగా చూసుకుంది. అత్తగారు కాగితం దగ్గరకు లాక్కుని, కీబోర్డు బొమ్మకు బయట, ఎడమ అంచున రెండు ఎర్ర చుక్కలు పెట్టి, పక్కన ఏదో రాసి మడిచేసింది.

అంతలో భర్త బడి బస్సు నడిపే పని ముగించుకుని ఇంటికొచ్చాడు. మోచేతుల దాకా తెల్లగా ఉన్న తల్లినీ పెళ్ళాన్నీ గుమ్మంలోంచే చూసి నిలబడిపోయాడు.

"నా పౌడరు!"

"నీ మొహానికి రెండ్రోజులు సెలవు" అంది వాళ్ళమ్మ. "వెళ్ళి స్నానం చెయ్."

శుక్రవారం పొద్దున మేస్త్రి ఆ కాగితం చూసి ఈల వేశాడు. "ఎవరు గీశారండీ దీన్ని? మా ఆఫీసులో కూడా ఇంత శుభ్రంగా ఎవరూ ఇవ్వరు" అన్నాడు. తెర మీది బొమ్మలో ఒక్కొక్క మీటా నొక్కి, దానికి పని ఎంచుకుంటూ పోయాడు. పావుగంట పట్టింది. మూడు రోజుల నరకం, పావుగంట పని! చివరికొచ్చి ఆగాడు. "ఈ రెండు చుక్కలేంటి మేడమ్? బొమ్మకి బయట ఉన్నాయి. పక్కన 'దీన్ని ఎవరూ మార్చకూడదు' అని రాసుంది."

"అది మీకు కాదులెండి, నాకు" అంది టకటకమ్మ.

మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. పక్క బల్లలవాళ్ళు నలుగురూ పని ఆపి చూస్తున్నారు. ఫోను మోగింది. ఎవరనుకున్నారు, ఒక్క పెట్టె ఆసుపత్రి ఆయనే. జాగ్రత్తగా, పిల్లలకు చెప్పినట్టు, మెల్లగా మొదలుపెట్టాడు. "సెలైనండీ... నలభై అండీ... నాలుగు, సున్నా..."

భయమంతా ఆవిడకే. వేళ్ళకు ఆ భయం లేదు. సెలైను, పెద్ద మీట, తరవాతి ఖాళీ. నలభై. చిటికెన వేలు కింద మూలకు వెళ్ళింది. పచ్చటి అక్షరాల్లో "ఆర్డరు అందింది, నలభై పెట్టెలు" అని పడింది. టకటకటక.

"వెళ్ళిపోయిందండీ. ఇంకేం కావాలి?"

అవతల ఆయన తన పక్కవాళ్ళతో అరిచిన అరుపు ఫోనులోంచి ఈ గది మొత్తానికి వినపడింది. "ఒరేయ్, మోత వచ్చేసిందిరా! టకటకమ్మ మళ్ళీ వచ్చేసింది!"

గదిలో అందరూ గొల్లున నవ్వారు. పదింటికల్లా ఇరవై ఆర్డర్లు వెళ్ళాయి, ఒక్కటీ కుంటలేదు. రెండుసార్లు ఎడమచెయ్యి పాత అలవాటుగా చెక్క మీద రద్దు కోసం వెతికి, నాలిక కరుచుకున్నట్టు లోపలికి వచ్చింది. మేనేజరు "ఏదీ, నన్నొకసారి చూడనివ్వండి" అని ఆవిడ కుర్చీలో కూర్చుని, ఆర్డరు పంపించడానికి పెద్ద మీట నొక్కాడు. తెర మీద మిణుకుమనే గీత పక్క ఖాళీలోకి గెంతింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ గెంతింది. ఐదుసార్లు గెంతాక లేచి నిలబడ్డాడు.

"మద్దెల ఓడు కాదమ్మా" అన్నాడు, నవ్వుతూ. "నాకే ఆడ్డం రాలేదు. లేబుళ్ళ గది మాట మర్చిపోండి."

పక్క బల్లలవాళ్ళు మేస్త్రి చుట్టూ మూగారు. వాళ్ళ వేళ్ళూ పాతవే, వాళ్ళూ మూడు రోజులుగా బయటికి చెప్పుకోలేక ఏడుస్తున్నవాళ్ళే. "మాకూ అదే పెట్టండి" అన్నారు. మేస్త్రి ఆ అమరికను భద్రం చేయబోతూ అడిగాడు. "దీనికి ఏదో ఒక పేరు పెట్టాలి మేడమ్. మీ పేరు పెట్టేయనా?"

టకటకమ్మ ఆలోచించలేదు. చెప్పేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు స్కేలు పట్టుకుని సిద్ధంగా ఉంది, రెండు అంగుళాల పాఠం చెప్పడానికి. పైకి మాత్రం ఏమీ పట్టనట్టు, "ఏమయిందే?" అంది.

కోడలు కొత్త పౌడరు డబ్బా బల్ల మీద పెట్టి, నవ్వు దాచుకుంటూ చెప్పింది. "ఐదు కంప్యూటర్లలో మీ అమరికే పెట్టారు అత్తయ్యా. పొద్దున్నే యంత్రం తెరవగానే తెర మీద ముందు మీ పేరే వస్తుంది. 'టీచరమ్మ' అని. ఆ పేరు మీద నొక్కితేనే మాకు పని మొదలు."

అత్తగారు స్కేలును కొంగుతో తుడిచింది. "తుక్కులారీ ఎక్కలేదన్నమాట" అంది మెల్లగా. వెంటనే గొంతు సవరించుకుంది. "సరే, ఆ రెండు చుక్కలు? వాటిని ఏం చేశాడు మీ మేస్త్రి?"

"ఏం చెయ్యలేదు అత్తయ్యా. అవి ఉన్నచోటే ఉన్నాయి."

"వేళ్ళు మధ్య వరసలో పెట్టు" అంది అత్తగారు. కోడలు కళ్ళు మూసుకుని ఒక ఆర్డరు కొట్టింది, రద్దు చేసింది, సరిగ్గా రెండు అంగుళాలు లోపల. తర్వాత, ఈసారి తెలిసి, ఎడమచెయ్యి చాచి బల్ల మీద రెండుసార్లు తట్టింది.

"వచ్చానే, వచ్చాను" అంది టీచరమ్మ, ఎర్ర పెన్సిలు అందుకుంటూ.